తాండూరులో లేని కొబ్బరిచెట్లు

"ఉమ్మి తడితోటి పేజీ తిప్పుతడు అంజిలయ్యా, ఆ మాస్టరు. పాన్ నమిలే నోట్లె బొటనేలు పెడ్తడు, గా వేలుతోటే నా పుస్తకం తిప్పుతడు. పర్దా కిందికెళ్లి వాపస్ నూకినంక చూస్తె ప్రతి పేజీ మూలకు ఎర్రటి మరక. నాకైతె ముట్టబుద్ధి గాదు."

జహీరాబీ ఆపా పప్పు చాటను పక్కకు జరిపి చేతులు కొంగుకు తుడుచుకుంది. చేతులకు ఏమీ అంటుకోలేదు. తలుచుకున్నందుకే తుడుచుకుంది.

ఆపాది కుల్కచర్ల. తండ్రే ఇంట్లో కూర్చోబెట్టి ఉర్దూ నేర్పాడు. తాండూరుకు కోడలిగా వచ్చింది. రాతి గనిలో మున్షీగా ఉన్న భర్త చిన్నవయసులోనే పోతే, పోలీసు యాక్షన్‌కు ముందే ఆడపిల్లల బడిలో ఉర్దూ పంతులమ్మగా చేరింది. ఆ తరువాత బడిలో ఉర్దూ తరగతులు పలచబడుతూ వచ్చాయి. ఈ ఏడు, అంటే యాభైతొమ్మిదిలో, బడి కమిటీ ఆమెను పిలిచి ఒకటే మాట చెప్పింది. మెట్రిక్ ఇంగ్లీషు పాసైతే పంతులమ్మ, కాకపోతే ఆయా. పాఠం చెప్పిన గదినే రేపు ఊడవాలి. పరీక్ష వచ్చే నెల, వికారాబాదులో.

చిన్న వాక్యాలు ఆమెకు ముందే వచ్చు. ఇప్పుడు అన్నీ మళ్లీ తిరగేస్తోంది. పప్పు ఏరాను, ఏరుతున్నాను, పొద్దుటి నుంచి ఏరుతూనే ఉన్నాను అని పొయ్యి ముందు కూర్చుని ఇంగ్లీషులో పైకే అనుకుంటుంది.

"పప్పుకు గుడ ఇంగ్లీషు వచ్చినట్టుంది వదినే, మన మాట ఇంటలేదు, ఉడుకుతలేదు" అంటుంది ఆడబిడ్డ లాల్‌బీ.

ట్యూషన్‌కు భీమప్ప మాస్టరును పెట్టుకున్నారు. ఆయన చేతికింద పాసైనవాళ్లు తాండూరు నిండా ఉన్నారు. ఆయన అరుగు మీద, ఆపా గడప లోపల, మధ్య పర్దా. తోడుగా లాల్‌బీ. ఆపా రాసింది పర్దా కింద నుంచి బయటికి పోతుంది, దిద్దింది లోపలికి వస్తుంది. రెండు నెలలైనా ఇవాళ్టి దాకా ఆయన ముఖం ఆపా చూడలేదు.

"ఇయ్యాల ఏమైంది ఆపా?" అన్నాను. ఆపా అంటే అక్క; చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో తిరిగిన నా ముందు ఆమెకు పర్దా లేదు.

"మీ ఊరి మీద రాయుమన్నడు. రాసిన. నాపరాళ్లు కోసేకాడ లేచే తెల్లదుమ్ము, పప్పు మిల్లుల వాసన, మిల్లు కాడ చెరిగే ఆడోళ్లు, సంతల సగం తెలుగు సగం కన్నడ. మాట మాటకు డిక్షనరీ చూసిన. తప్పులు ఉంటయి, లేవంటలేను. వాపస్ వచ్చింది చూస్తె అంత కొట్టేసిండు. పైన ఆయన రాసిండు, మా ఊరు నది ఒడ్డున ఉన్నది, ఊరి చుట్టూ కొబ్బరిచెట్లు, పడవలు వస్తయి పోతయి అని."

"తాండూర్లనా?"

"నేను గదే అడిగిన. మాస్టరు సాబ్, కొబ్బరిచెట్లు ఏడున్నయి అన్న. పరీక్ష పేపర్లు దిద్దేటోనికి తాండూరుతోటి ఏం పనమ్మా, బట్టీ పట్టు అన్నడు. అర్థం గాని మాటలున్నయి, జర చెప్పుండ్రి అన్న. అర్థం పరీక్షల అడగరు అన్నడు."

ఆయన ఆ మాట అనగానే ఆపా లేచి పర్దా ఎత్తిందట. లాల్‌బీ కొంగు పట్టి లాగినా ఆగలేదు. మాస్టరు ఒళ్లో ఎక్కడో సముద్రం దిక్కున అచ్చేసిన గైడు తెరిచి ఉంది. అందులోంచి చూసి ఆమె కాగితం మీద ఎక్కిస్తున్నాడు. గడ్డం మీద ఎర్రటి చార. ఆమెను చూసి గైడు మూయలేదు, సిగ్గుపడలేదు. బొటనవేలు నాలుకకు రాసి ఇంకో పేజీ తిప్పాడు.

"పర్దా ఇడిచి లోపలికి వచ్చేసిన అంజిలయ్యా. ఈయన చేతికింద పాసైనోళ్లందరు గీ కొబ్బరిచెట్లే రాసిండ్రట. రేపు నేను పాసైతె, పిల్లలకు గుడ గదే చెప్పాలె గద."

"అది రాయకుంటె పాస్ గావు వదినే. చీపురు చేతికొస్తది" అంది లోపలి నుంచి లాల్‌బీ.

ఆపా చాట దగ్గరికి లాక్కుంది. చాటలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"వస్తె రానియ్యి. చీపురుతోటి దుమ్మన్న పోతది" అని నా వైపు తిరిగింది. "లే అంజిలయ్యా. మాస్టరు ఇంక బజార్లనే ఉంటడు. రేపటిసంది రావద్దని చెప్పు. కోపంగ చెప్పకు, పెద్దమనిషి. చెప్పి సీద ఇటే రా. కొట్టేసింది మల్ల రాస్త, నీకు చదివి ఇనిపిస్త. నువ్వు గుడ ఇంగ్లీషు సొంతంగ నేర్చినోనివే, తప్పుంటె తప్పని చెప్పు. మొహమాటానికి తలాడిస్తివా, నిన్ను గుడ గీ గడప ఎక్కనియ్య. పో, జల్ది పో."