ఎదురింటి ఫోకస్ లైటు

మా ఇంటికి ఉన్నది ఒకే కిటికీ. ఎదురింటి పెద్దమ్మ బిగించుకున్న ఫోకస్ లైటు సరిగ్గా దాంట్లోకే కొట్టేది.

గనులు మూతపడి అప్పటికి కొన్నేళ్లయింది. మా గని ఊరు కోరమండల్‌లో గనివాళ్ల కోసం వరసగా కట్టిన ఇళ్లను లైన్లంటారు. అమ్మ పోయినా నేనూ నాయనా ఇంకా ఆ లైన్లలోనే ఉంటున్నాం. ఒక గది, ముందు కాస్త వాకిలి, ఇరుకు సందు, సందుకు ఆవల పెద్దమ్మ ఇల్లు. ఆమె మాకు చుట్టమేమీ కాదు. లైన్లలో అమ్మకన్నా పెద్దదైతే పెద్దమ్మే. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. పాత షెడ్లలో ఇనుము ఎత్తుకుపోయేవాళ్లు రాత్రిళ్లు మా సందులోంచే నడుస్తుంటే, భయపడి ఆ లైటు పెట్టించుకుంది.

మా నాయన ఛాతీ నిండా గని దుమ్మే. కిటికీ తెరిస్తేనే ఆయనకు ఊపిరాడేది. తెరిస్తే మొహం మీద పట్టపగలు. గుడ్డ కట్టి చూశాను, గాలి ఆగిపోయి మనిషి గిలగిల్లాడాడు. మంచం జరుపుదామంటే చోటేదీ? రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని దగ్గుతూనే ఉండేవాడు. మందులకన్నా ముందు ఈయనకు నిద్ర కావాలని డాక్టరు తేల్చి చెప్పాడు. నిద్రలేక మా నాయన నా కళ్లముందే అరిగిపోతున్నాడు. నాకు పెద్దమ్మ మీద కోపం, ఆ లైటు మీద అంతకన్నా కోపం.

అడగడానికి పోతే పెద్దమ్మ తలుపు సగమే తీసింది.

"లైటు తీసేసినాక దొంగ వస్తే ఎవురొస్తారు పాపా? మీ నాయన లేచొస్తాడా?"

"తీసేయమనలేదు పెద్దమ్మా. కిందికి తిప్పమంటా ఉండాను."

"తిప్పితే సందు మొగదల యాడ కనిపిస్తాది?" అని తలుపేసుకుంది.

మున్సిపల్ ఆఫీసుకు పోయాను. వీధి దీపాలైతే మావి, ఇంటి దీపాల గురించి మా దగ్గర రూలేం లేదన్నారు. లేకపోతే మేమే పెట్టుకుంటాం అని మనసులో అనుకున్నాను. మనసులో అని రాస్తున్నాను గానీ గట్టిగానే అని ఉంటాను, గుమాస్తా తలెత్తి చూశాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో మా లైనువాళ్లందరినీ ఆపాను. పొయ్యి మీద కూర ఉందని జారుకోబోయిన వాళ్లకు అడ్డం నిలబడ్డాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? మీ నాయన ఒక్క మాటన్నా అనలేదే!" అంది మూలింటామె.

నిజమే, నాయన అనడు. బతుకంతా పైవాళ్లు చెప్పింది చేసిన మనిషి, అడగడం ఆయనకు చేతకాదు. అందుకే నేను అడగాలి.

వాళ్లకు మా లైన్ల పాత కట్టుబాటు గుర్తుచేశాను. గనులు నడిచే రోజుల్లో రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి ఇంటి కిటికీకి పగలు గోనెపట్టా కట్టేవాళ్లు. ఆ పట్టా ఉన్నంతసేపూ సందులో రోలు కదలకూడదు, రేడియో పాడకూడదు, పిల్లలు గోళీలాడాలన్నా పక్క లైనుకు పోవాల్సిందే. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పలేదు.

పెద్దమ్మ వైపు తిరిగాను. "పెదనాయన నైట్ షిఫ్టు చేసినన్నాళ్లూ మా యమ్మ పక్క లైనుకు పోయి పిండి రుబ్బుకొచ్చినాది, ఆయన నిద్ర చెడకూడదని. ఇప్పుడు మా నాయనకు నిద్ర కావాల. గోనెపట్టా మా కిటికీకి కట్టేదానికి లేదు, ఊపిరాడదు. ఆ పట్టా నువ్వే కట్టాల పెద్దమ్మా, నీ లైటుకు."

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ యమ్మ పోయి రుబ్బుకొచ్చింది నిజమే పాపా. కడతాలే" అంది.

అక్కడే నిలబడి రూలు పెట్టుకున్నాం. మా లైన్లో ఎవరి లైటైనా వాళ్ల గడప మీదే పడాలి, ఎదుటి కిటికీలో పడకూడదు. పెద్దమ్మ ఒక షరతు పెట్టింది, తను కేకేస్తే ఎవరో ఒకరు లేచి రావాలని. వస్తామని అందరం మాటిచ్చాం. ఆ సాయంత్రమే నూనె డబ్బా రేకు కత్తిరించి లైటుకు మూత చేశాను. వేలు తెగినా పని ఇంకొకరి చేతికివ్వలేదు. పెద్దమ్మ నిచ్చెన పట్టుకుని "వంకరుండాది, వంకరుండాది" అని సణుగుతూనే ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా ఎవరో మా తలుపు దబదబా బాదారు. తీస్తే పెద్దమ్మ, కాళ్లకు చెప్పుల్లేవు, జుట్టు ముడి లేదు. మళ్లీ లైటు గొడవే అనుకుని కొంగు బిగించాను. ఆమె నన్ను పక్కకు తోసి లోపలికి తొంగిచూసింది.

"నడిరేత్రి నుంచి మీ నాయన దగ్గు వినపళ్లేదే పాపా! రోజూ అది వినపడితే ఎదురుగా మనిషుండాడని ధైర్యం. ఈ రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలే."

నాయన కిటికీ వైపు తిరిగి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఆ లైటు పెట్టినప్పట్నుంచీ ఆయన ఒళ్లు మరిచి నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పెద్దమ్మ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వాకిలి ఊడుస్తున్న మూలింటామె మీదికి పోయింది.

"చీపురు ఆపవే! ఆయప్ప నిద్రపోతా ఉండాడు."