మా క్లాసు పట్టిన దొంగ

నరసాపురంలో దొరల బడిలో చదివే రోజులవి. ఇంగ్లీషు రావాలని మా దొర మాస్టారు డిటెక్టివ్ కథలు చదివించేవారు. ఆనవాళ్లు చూసి "మస్ట్ హేవ్" అంటే చేసే ఉంటాడనీ, "కాంట్ హేవ్" అంటే చేసి ఉండడనీ మేం తేల్చాలి. చేపలు పట్టే ఇంట్లో పుట్టినా, నాకా భాష ఓ పట్టాన పట్టుబడేది కాదు.

ఓ రోజు మాస్టారి భార్య దొరసాని గారి లేసు గుడ్డ కనబడలేదు. మాస్టారికి హుషారొచ్చింది. "దొంగని మనమే పట్టేద్దాం, ఇంగ్లీషులో!" అన్నారు.

ముందు కరణం గారబ్బాయి లేచి, నన్ను చూపిస్తూ ఇంగ్లీషులో అందుకున్నాడు. "వీడి పంచె తడిసిందండి. ఏటి ఒడ్డున దాచే ఉంటాడండి."

"వాళ్లమ్మ దొరసాని గారికి లేసు అల్లుతుందండి. వీడే తీసుంటాడండి," అన్నాడు పక్కవాడు.

రేవులో పడవ దిగి, మోకాల్లోతు నీళ్లలో నడిచి రోజూ అలాగే వచ్చేవాణ్ణి. "నేను రోజూ తడిసే వస్తాను కదండీ!" అన్నాను తెలుగులో.

"ఇంగ్లీషులో చెప్పు," అన్నారు మాస్టారు.

నేను మళ్లీ తెలుగులోనే చెప్పాను.

ఆ సాయంత్రమే దొరసాని గారి మనిషొచ్చి అమ్మ దగ్గరున్న దారపు ఉండలు, అల్లిక సూది పట్టుకుపోయాడు.

మర్నాడు గుడ్డ దొరసాని గారి పెట్టెలోనే దొరికింది. మాస్టారు నవ్వి, అందరిచేతా "వీడు తీసి ఉండడు" అని ఇంగ్లీషులో చెప్పించారు. ఒక్కడూ తప్పు పలకలేదు. దారం మాత్రం తిరిగి రాలేదు. అమ్మ మళ్లీ చేపల గంప ఎత్తుకుంది.

ఆనాడు చెప్పలేని ఆ ఒక్క ముక్కా ఇప్పుడు ఇంగ్లీషులో గడగడా చెప్పగలను. అడిగేవాళ్లే లేరు.