పేము బంతి మరిచిన కాలు

అప్పట్లో రంగూన్‌లో, చిమిండైంగ్‌లో ఏటి ఒడ్డున మా అద్దె ఇల్లు. పొద్దున్నే పొగమంచులో అవతలి ఒడ్డున దలా నుంచి వచ్చే పడవలు కనబడేవి కావు, తెడ్ల చప్పుడు మాత్రం వినబడేది. అది వింటూ సగం నిద్రలోనే కాలేజీ మైదానానికి నడిచేవాణ్ణి. రేవు కూలీల జట్టులో ఆడే నన్ను తీసుకొచ్చి కుర్రాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పమన్నారు. గురువన్నాక బూట్లు ఉండాలన్నారు. వేసుకుంటే నాకు ఆట వచ్చేది కాదు, అందుకని చేత్తో పట్టుకు తిరిగేవాణ్ణి.

మా కాలేజీ జట్టులో సన్నగా, పొడుగ్గా ఒక బర్మా విద్యార్థి ఉండేవాడు. సాయంత్రం పాఠం కూడా అయిపోగానే వాడూ, స్నేహితులూ లుంగీలు ఎగ్గట్టి గుండ్రంగా నిలబడి పేముతో అల్లిన బంతి ఆడేవారు. అందులో ఎదుటి జట్టు లేదు, గోలు లేదు. బంతి నేల తాకకూడదు, అంతే. వాడు వెనక్కి చూడకుండానే అరికాలితో దాన్ని లేపి పక్కవాడికి అందించేవాడు. ఆ ఎర్రటి వెలుగులో బంతి అసలు దిగడం మానేసినట్టే ఉండేది. నేను ఇంటికి పోవడం మరిచి చూస్తూ కూర్చునేవాణ్ణి.

వాడి ఆ అలవాటే కొంప ముంచింది. మింగళాడోన్ దండు సిపాయిల జట్టుతో పందెంలో, ఖాళీ గోలు ముందు బంతి వాడి దగ్గరికి గాల్లో వచ్చింది. తన్నవలసినవాడు మడమతో ముద్దుగా లేపి వెనకున్న స్నేహితుడికి అందించాడు. మైదానమంతా నవ్వింది. ఓడిపోయాం. వచ్చే ఏడు కూడా ఓడితే నా స్థానంలో ఒక సిపాయిని పెట్టుకుంటామని మర్నాడే కాలేజీ పెద్ద కబురు పెట్టాడు.

ఇంట్లో చెబితే మా ఆవిడ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది: "ఆ పిల్లడికి నువ్వే సెప్పాల. సెప్పకపోతే మళ్ళీ రేవులో మూటలు మోస్తావేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది, మూటల మీదో వాడి మీదో తెలియదు. ఇక పేము బంతి ముట్టుకోవద్దని వాడికి చెప్పాను. ఎదురాడలేదు. వానాకాలమంతా ఒకే గోడకేసి, ఒకే చోట తగిలేలా తన్నించాను. మొదట్లో స్నేహితుల వైపు చూసేవాడు. తర్వాత చూడడం మానేశాడు. దారికొచ్చాడని సంబరపడ్డాను.

మరుసటి ఏడు గెలిచాం. రెండు గోల్సూ వాడివే. నా ఉద్యోగం నిలబడింది, నన్ను భుజాల మీద మోశారు కూడా.

మర్నాడు సాయంత్రం బజారు నుంచి కొత్త పేము బంతి తెచ్చి వాడి చేతిలో పెట్టి, ఇక ఆడుకోమన్నాను. స్నేహితులు చోటిచ్చారు. బంతి వాడి దగ్గరికి వచ్చింది. కాలు తిన్నగా, గట్టిగా తన్నింది, బంతి కంచె దాటిపోయింది. అందరూ నవ్వారు. తెచ్చి మళ్ళీ అందించారు, మళ్ళీ కంచె దాటింది. మూడోసారి ఎవరూ నవ్వలేదు.

వాడు లుంగీ దించుకుని నా దగ్గరికి వచ్చాడు. నాకు వాడి మొహం చూడాలంటే సిగ్గేసింది.

"సయా, నా కాలికి ఇది గుర్తు లేదు," అన్నాడు. బర్మాలో గురువుని అలాగే పిలుస్తారు.

తిట్టినా బాగుండేది. వాడికి కోపమే లేదు. రేపు అభ్యాసం ఎన్నింటికని అడిగాడు.

ఆరింటికి అన్నాను.