నరం పక్కన తవ్వకం

ఆ రోజుల్లో నా చేతిలో ఒక డిగ్రీ, కింది దవడలో అడ్డంగా పడుకున్న ఒక జ్ఞానదంతం, ఆదివారాల్లో పెదవుల మీద ఒక బూర ఉండేవి. ఈ మూడింటిలో నేను గర్వపడింది బూర గురించే. మా చర్చి బ్యాండులో బూర వాయించేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత గట్టిగా ఊదితే అంత భక్తి అని నా అభిప్రాయం. (సంఘం అభిప్రాయం ఎవరూ అడగలేదు.)

దవడ వాచి బుగ్గ బన్నులా తయారయ్యేసరికి, అమ్మ నన్ను నెల్లూరులో పళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. తోడుగా పర్మిట్ మామను పంపింది. ఈయన అమ్మకు తమ్ముడు, కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో కాలవలు తవ్వించే ఫోర్‌మన్. నేను ఆయన కిందే ట్రైనీని. అక్కడ గడ్డపార నేలకు తగలాలంటే, కింద కేబుల్ ఎక్కడుందో చూసి పర్మిట్ రాసి సంతకాలు పెట్టించాలి. మామ ఇంట్లో అరటి పిలక నాటడానికి కూడా పర్మిట్ రాసేవాడని అత్త చెప్పేది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పన్ను వేళ్లను ఆనుకునే నరం ఉందట. అది దెబ్బతింటే కింది పెదవి మొద్దుబారొచ్చట, చాలామందికి స్పర్శ తిరిగొస్తుంది కానీ కొద్దిమందికి రాదట. పెదవి తెలియకుండా బూర ఊదడం ఎలాగా అని నాకు చెమటలు పట్టాయి. మామ మాత్రం ఎక్స్‌రే మీదికి వంగాడు.

"ఇది కేబుల్ కదమ్మా?"

"నరం అంకుల్."

"అదేలేమ్మా. ఒక పక్క నుంచి తీసిన డ్రాయింగు చూసి గడ్డపార దించితే ఎట్టా? కేబులు వేరుకు ముందుందో ఎనకుందో దీంట్లో యాడ తెలస్తాది?"

డాక్టరమ్మ ఆయన్ని కొత్తగా చూసింది. "అందుకే అన్ని వైపుల నుంచీ కనబడే స్కాన్ రాస్తున్నా అంకుల్."

"చదువుకున్న పిల్ల," అన్నాడు మామ నాతో. (ఆయన కింద ఎనిమిది నెలలు పనిచేసినా నన్నెప్పుడూ ఆ మాట అనలేదు.)

స్కాన్‌లో నరం పన్ను రెండు వేళ్ల మధ్య నుంచి దూరి పోతోంది. మొత్తం పీకితే ప్రమాదం, పైభాగం కోసేసి వేళ్లను అక్కడే వదిలేద్దామంది డాక్టరమ్మ.

"అంటే పునాది వదిలేసి పైగోడ కొట్టేస్తారు. జేసీబీ పెట్టరు గదా?"

"చిన్న డ్రిల్లే అంకుల్."

మామ జేబులోంచి పర్మిట్ పుస్తకం తీసి, 'పని: పన్ను పైభాగం తొలగింపు. స్థలం: మేనల్లుడి కుడి దవడ' అని రాసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ సంతకం చేసింది. బయట ఇంకా నలుగురు పేషెంట్లున్నారు మరి.

ఆపరేషను సాఫీగానే జరిగింది. మత్తు మూడు నాలుగు గంటలుంటుందని, అది దిగాకే నరం సంగతి తెలుస్తుందని ఆవిడ చెప్పింది. మామ రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి, తర్వాత బస్సెక్కించాడు. పది నిమిషాలకోసారి టికెట్ మూలతో నా పెదవిని పొడిచి "తెలస్తందా?" అనేవాడు. నోట్లో దూది కుక్కుకుని నేను తల అడ్డంగా ఊపితే, టైము రాసుకునేవాడు.

"సూదితో గుచ్చన్నా, తెలస్తాది," అంది పక్క సీట్లో ఖాళీ చేపల గంపతో ఉన్న అక్క.

"వద్దులే అక్కా, ఇన్సులేషన్ పోతాది."

అప్పటికే నేను మనసులో బూరకు వీడ్కోలు చెప్పేసి డ్రమ్ము వైపు చూస్తున్నాను. ముత్తుకూరు దాటాక టికెట్ మూల మళ్లీ తగిలింది. పెదవి మీద చీమ పాకినట్టయింది. "ఆఁ!" అన్నాను.

"సప్లై వచ్చింది!" అని మామ లేచి నిలబడ్డాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. కండక్టరు ఉత్సాహం పట్టలేక ఈల వేశాడు. డ్రైవరు, ఎవరో దిగాలేమో అనుకుని, చెరువు గట్టు మీద బస్సు ఆపేశాడు.

పెదవి దక్కింది కానీ, నెలన్నర పాటు బూర ముట్టొద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. మొదటి ఆదివారం ఆరాధన అవగానే పాస్టరమ్మ గారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "తొందరేం లేదు నాయనా. నెలన్నర ఏం సరిపోతాది? మూడు నెలలన్నా ఆగు." వెనకే డ్రమ్ము వాయించే అన్న, ఆ వెనక పాటలు పాడించే పెద్దాయన, ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే మాట చెప్పారు. ఒకాయన ఏడాది ఆగినా పర్వాలేదన్నారు.

ఇంతమందికి నా మీద ఇంత ప్రేమా అని కళ్లు తుడుచుకుంటూ ఇంటికి నడిచాను. ఆ మాటలు ఇంకోలా కూడా అర్థం చేసుకోవచ్చని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆనాటి నేను, ఆ బూర కుర్రవాడు, ఎదురుపడితే మాత్రం ఈ సంగతి చెప్పను. అంత ఆప్యాయత వాడికి మళ్లీ ఎక్కడా దొరకలేదు.