ఊళ్లో రొట్టెలన్నీ నా పేర

పోయిన శనివారం ఇండియన్ స్టోర్‌లో ఇంగువ డబ్బా ఒకటి తీసుకుని బండిలో వేయబోతుంటే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. తనకు గోధుమ పడటం లేదని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి, డబ్బాల వెనక ఉండే చిన్న అక్షరాలన్నీ చదవడం దానికి అలవాటైపోయింది. "అమ్మా, దీన్లో వీట్ ఫ్లోర్ ఉంది. నీకు తెలీదా?" అంది తన అమెరికా యాసలో. తెలుసన్నాను. ఎవరు చెప్పారంది. రబ్బీగారు, అన్నాను. అది నవ్వేసి పప్పుల వరస వైపు వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో కుర్రాడు "ఎక్స్‌క్యూజ్ మీ ఆంటీ" అనేదాకా కదల్లేదు.

మా అమ్మాయి పుట్టకముందు మేము న్యూజెర్సీలో పిస్కాటవే దగ్గర ఒకదానికొకటి అతుక్కున్న రెండిళ్లలో ఒకదాంట్లో అద్దెకుండేవాళ్లం. మధ్యగోడ ఒకటే, ఇటు మేము, అటు రబ్బీగారూ ఆయన భార్యా. రబ్బీ అంటే యూదుల గురువు. పెళ్లిళ్లు చేయిస్తారు, ధర్మసందేహాలు తీరుస్తారు, శనివారం ప్రార్థన నడిపిస్తారు. ఈయనకు అప్పటికే అరవై దాటాయి. తెల్లని గడ్డం, నల్లకోటు, ఆ కోటు జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. మా పోపు వాసన గోడ దాటి వెళ్లేది కాబోలు, ఒకరోజు ఆవిడ వచ్చి అదేమిటని మొహమాటపడుతూ అడిగారు. నేను ఇంగువ డబ్బా పట్టుకెళ్లి చూపించాను. రబ్బీగారు వాసన చూసి ఒకడుగు వెనక్కు వేసి, భూతద్దం తీసి డబ్బా వెనక చదివి, "ఇందులో గోధుమపిండి కలుస్తుందే!" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇంగువ డబ్బాను తిప్పి చూసినదాన్ని కాదు నేను. నాకు వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఏకాదశి నాడు ఆవిడ బియ్యం, గోధుమ ఏదీ ముట్టేది కాదు. ఉడికించిన దుంపల కూర ఒక్కటే తినేది, అందులో ఇంగువ మాత్రం దండిగా ఉండాలి. అంటే జీవితమంతా చేసిన ఏకాదశులన్నీ ఏమైనట్టు? నవ్వుతూనే ఆ మాట అన్నాను గానీ, ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంగువ ఎంత వేసేవారు? చిటికెడు. కూర ఎంత? ఒక గిన్నెడు. కళ్లు మూసుకుని ఏదో లెక్క వేసుకుని, "అరవయ్యో వంతు కన్నా తక్కువ. మా ధర్మం ప్రకారమైతే అది కూరలో కలిసిపోయినట్టే, లేనట్టే. మీ నాయనమ్మగారి ఉపవాసాలకు ఏ దోషమూ లేదు" అని తీర్పు చెప్పారు. ఆ తర్వాత వేలెత్తి, "పస్కా పండగకు మాత్రం ఈ లెక్క చెల్లదు" అన్నారు. హనుమకొండలో కన్నుమూసిన మా నాయనమ్మకు న్యూజెర్సీలో ఇలా క్లీన్‌చిట్ దొరికింది.

హనుమకొండ అన్నాను కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడి కోర్టులో నేను అయిదేళ్లు ప్రాక్టీసు చేశాను. అన్నీ సివిల్ కేసులే: భూములు, పొత్తులు, దస్తావేజులు. పెళ్లయి ఇక్కడికొచ్చాక మా ఆయనది హెచ్-వన్ వీసా, నాది హెచ్-ఫోర్. హెచ్-ఫోర్ అంటే డిపెండెంటు. అప్పట్లో ఆ వీసా మీద వచ్చినవాళ్లం ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంటి అద్దె కాగితం మీద ఆయన పేరు, కారు మీద ఆయన పేరు, కరెంటు బిల్లు మీద ఆయన పేరు. డాక్టరు దగ్గర ఫారం నింపుతూ 'వృత్తి' అన్న గడి దగ్గరికొచ్చేసరికి నా పెన్ను ఆగిపోయేది. నేను వకీలునని తెలిసిన రోజు రబ్బీగారి మొహం వెలిగిపోయింది. అప్పట్నుంచీ నన్ను 'కౌన్సెలర్' అని పిలవడం మొదలుపెట్టారు. ఇక్కడి కోర్టుల్లో వకీళ్లను అలాగే పిలుస్తారు. సాయంత్రాలు వరండాలో కూర్చుని, రెండు వేల ఏళ్లనాటి తగాదాలు నా ముందు పెట్టేవారు. ఒకడి ఎద్దు ఇంకొకడి ఎద్దును పొడిచింది, నష్టం ఎవరిది? ఒకే బట్టను ఇద్దరు పట్టుకుని నాదంటే నాదంటున్నారు, ఎవరికివ్వాలి? నేను ఒక పక్షం, ఆయన ఒక పక్షం. వాళ్ల గ్రంథాల్లో ఓడిపోయిన వాదాన్ని కూడా జాగ్రత్తగా రాసి ఉంచుతారట. ఎందుకన్నాను. "రేపెప్పుడో అదే అవసరం పడొచ్చు కదా" అన్నారు.

మూడో ఏడు వసంతంలో ఆయన ఒక పని మీద నన్ను వాళ్లింటికి పిలిచారు. పస్కా ఎనిమిది రోజులూ యూదుల ఇళ్లల్లో పులిసే ధాన్యంతో చేసిన పదార్థమేదీ ఉండకూడదు. గోధుమ, బార్లీ లాంటి అయిదు ధాన్యాలవి: రొట్టె, బిస్కట్, పాస్తా, విస్కీ. తినకపోతే చాలదు, అవి తమ సొత్తుగా కూడా ఉండకూడదు. అన్నీ పారేయలేరు గనక, పండగ ముందు తమ సరుకంతా రబ్బీగారి ద్వారా యూదులు కానివారికెవరికైనా అమ్మేస్తారు. పండగయ్యాక వాళ్లు ఒప్పుకుంటే తిరిగి కొంటారు. అన్నేళ్లుగా కొంటూ వచ్చిన పోస్టాయన రిటైరై దక్షిణాదికి వెళ్లిపోయాడు. "మీరు కొంటారా, కౌన్సెలర్?" అన్నారు.

నాలో వకీలు లేచి కూర్చుంది. సీలింగు చట్టం తప్పించుకోవడానికి పాలేళ్ల పేర్ల మీద భూములు రాసిన దొరల కేసులు చూసినదాన్ని. "ఇది బినామీ అమ్మకం కదండీ" అన్నాను. రబ్బీగారి భార్య వంటింట్లోంచి తొంగిచూశారు. రబ్బీగారు మాత్రం కోపం తెచ్చుకోలేదు సరికదా, సంతోషంతో కుర్చీలో ముందుకు జరిగారు. "బినామీ అయితే ఊరందరిచేతా నేను పాపం చేయించినట్టు. అందుకే మీలాంటివారు కావాలి. ఎక్కడ లొసుగుందో చదివి చెప్పండి" అని దస్తావేజు నా చేతిలో పెట్టారు.

మా ఆయనకు చెబితే తింటున్న ముద్ద ఆపేశాడు. "నీకేమన్న పిచ్చా? హెచ్-ఫోర్ మీద ఉన్నవ్ నువ్వు. బిజినెస్ చేస్తే స్టేటస్ పోతది, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ అంతా మట్టిల కలుస్తది."

"కొనుక్కోవడం బిజినెస్ ఎట్లయితది? నువ్వు కారు కొనలేదా?" అన్నాను.

"కారు వేరే. ఊరందరి విస్కీ వేరే." ఆ వారమంతా ఆఫీసులో కూర్చుని ఇమిగ్రేషన్ ఫోరమ్‌లో 'మా ఫ్రెండు భార్య' అంటూ ప్రశ్నలు అడిగాడు. ఎవరికీ అర్థం కాలేదట. చివరికి, కొనడం ఉద్యోగం కాదని తనే తేల్చుకున్నాడు.

దస్తావేజు రెండు రాత్రులు చదివాను. ఇళ్ల జాబితా ఉంది, సరుకు ఉన్న అలమరాలు నాకు అద్దెకిచ్చినట్టు ఉంది. అన్నిటికన్నా పెద్ద పద్దు ఒక బేకరీది: పిండి బస్తాలు, ఫ్రీజర్ల నిండా ముద్దలు చేసి పెట్టిన రొట్టెల పిండి. స్వాధీనం గురించి మాత్రం ఒకే ఒక్క నీరసమైన వాక్యం. "తాళంచెవి నా చేతికి రాకుండా స్వాధీనం ఎట్లా అవుతుంది? బేకరీ తాళంచెవి ఇప్పించండి" అన్నాను. ముప్ఫయ్యేళ్లలో ఏ కొనుగోలుదారూ అడగని కోరిక అది. మర్నాడే తెచ్చిచ్చారు. పండగ ముందురోజు పొద్దున, పండగ మడి కోసం అల్యూమినియం రేకులు పరిచి మిలమిల్లాడుతున్న వాళ్ల వంటింటి పక్కన కూర్చుని సంతకం చేశాను. బయానా ఇచ్చాను. పరాయి ఆడవాళ్లతో చెయ్యి కలపరు కాబట్టి, ఆయన జేబురుమాలు ఒక కొసన పట్టుకుంటే నేను రెండో కొస పట్టుకుని పైకెత్తాను. అది కూడా వాళ్ల ధర్మంలో ఒప్పందమే. ఇంటికి నడిచి వచ్చిన ఆ ఇరవై అడుగుల్లోనే నేను దాదాపు అరవై కుటుంబాల రొట్టెలకు, ఒక బేకరీ సరుకుకు యజమానురాలినయ్యాను. అమెరికాలో నా పేరు మీద ఉన్న మొదటి ఆస్తి.

నాలుగో రోజు గాలివాన వచ్చింది. బేకరీ ఉన్న వీధిలో చెట్టు విరిగి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. కరెంటు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. మర్నాడు పదింటికి రబ్బీగారు తలుపు తట్టి, "మీ సరుకు ఉన్నచోట కరెంటు పోయింది. ఆ సంగతి మీకు చెప్పడం నా బాధ్యత" అని ఊరుకున్నారు. ఇద్దరం ఆయన కారులోనే వెళ్లాం. బేకరీ నడిపే పెద్దాయన అప్పటికే ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నాడు. భారీ మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు గుండీలు తిప్పుకుంటున్నాడు. పండగలో ఆ పిండిని ఆయన తాకకూడదు. తనది కానిదాని గురించి మాట్లాడే హక్కు కూడా లేదు. కానీ పాపం, ఉండబట్టలేకపోయాడు. "ఆవిడకెక్కడైనా ఫ్రీజరుందేమో అడగరాదా? నెలరోజుల కష్టం!" అని రబ్బీగారితో అన్నాడు. రబ్బీగారు చెయ్యెత్తి ఆపేశారు.

తాళం తీసి లోపలికి వెళ్లాను. వెనక ఫ్రీజర్లు ఇంకా చల్లగానే ఉన్నాయి; ముందువాటిలో పిండి మెత్తబడి ప్లాస్టిక్ సంచుల్లో ఉబ్బడం మొదలైంది. గుమ్మంలోకొచ్చి, "ఏం చేయమంటారు?" అని రబ్బీగారిని అడిగాను.

"నన్నడగకండి, కౌన్సెలర్. నేను చెబితే అది నా సరుకవుతుంది. మీది. మీ ఇష్టం" అన్నారు.

మీది, మీ ఇష్టం అనే మాట విని మూడేళ్లు కావస్తోంది. ఆ గుమ్మంలో నిలబడి నేను ఏడవలేదు గానీ, ఫోను నంబర్లు నొక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

సరుకు నాది గనక, పాడవనివ్వదలుచుకోలేదు. మా తెలుగువాళ్ల ఇళ్లల్లో గరాజ్‌కొక ఫ్రీజరుంటుంది. ఆరుగురికి ఫోన్ చేస్తే నలుగురు సరేనన్నారు. గట్టిగా ఉన్న పెట్టెలన్నీ సీలు విప్పకుండా మునక్కాడ ముక్కల మధ్య, తురిమిన కొబ్బరి పొట్లాల మధ్య సర్దించాను. మెత్తబడినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. దానికోసం యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న మా పిన్ని కొడుక్కి చెప్పాను. అరగంటలో మూడు కార్లలో పన్నెండుమంది దిగారు.

"అక్కా, నిజంగ ఫ్రీయేనా?" అన్నాడొకడు.

"అక్క సొంత సరుకురా, తీసుకెళ్లండి" అంది వాళ్లల్లో ఒక గుంటూరమ్మాయి, నాకన్నా ముందే.

వాళ్లు సంచులు మోసుకెళ్తుంటే బేకరీ పెద్దాయన ఒక్కోదాన్నీ కళ్లతో సాగనంపుతున్నాడు. ఆ అమ్మాయి ఆగి, వీధికి ఇవతల నుంచే, "సర్, దీన్ని ఎన్ని డిగ్రీల్లో బేక్ చేయాలి?" అని ఇంగ్లీషులో అరిచింది. ఆయన నోరు తెరిచి, మూసి, రబ్బీగారి వైపు తిరిగాడు. "చెప్పొచ్చా?" రబ్బీగారు గడ్డం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. వీధిలో అందరం ఆయన్నే చూస్తున్నాం. "పిండి ఆవిడది. విద్య నీది. విద్య నువ్వు అమ్మలేదు. చెప్పు" అన్నారు. ఇక ఆ మనిషిని ఆపడం ఎవరితరం కాలేదు. ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, పైన గుడ్డుసొన ఎప్పుడు రాయాలి, మూడు పాయల జడ ఎలా అల్లాలి, చేతులు గాల్లో తిప్పుతూ రోడ్డుకు అవతల నుంచి పాఠం చెప్పాడు. పన్నెండుమందీ ఫోన్లలో రాసుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ల అపార్ట్‌మెంట్లలో పొయ్యిలన్నీ వెలిగాయి. మిగిలినది కాల్చి, పేదలకు అన్నం పెట్టే దగ్గర ఇచ్చి వచ్చారు. మాకో జడరొట్టె తెచ్చారు. మా ఆయన దాన్ని టమాటా పచ్చడితో తింటూ, "నీ బిజినెస్ మంచిగనే ఉంది" అన్నాడు.

పండగ ముగిసి చుక్కలు కనబడగానే రబ్బీగారు వచ్చారు. వెనక బేకరీ పెద్దాయన. మిగిలిన సరుకు తిరిగి అమ్ముతారా అని పద్ధతిగా అడిగారు. "ఆలోచించుకుని చెబుతాను" అన్నాను. ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. నిజంగా అమ్మనంటే వాళ్లు చేయగలిగిందేమీ లేదు. అది నిజమైన అమ్మకమని అప్పుడే ముగ్గురికీ పూర్తిగా అర్థమైంది. ముందు రబ్బీగారే పగలబడి నవ్వారు. అమ్మేశాను. బేకరీ పెద్దాయన పెట్టెలు తీసుకెళ్తూ, "ఇంతకీ వాళ్లకు రొట్టెలు పొంగాయా?" అని మాత్రం అడిగాడు. పొంగాయన్నాను. సరుకు పోయిన బాధ ఆ ఒక్కమాటతో సగం తగ్గినట్టు తల ఊపాడు.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు నేనే కొన్నాను. హెచ్-ఫోర్ వాళ్లకు వర్క్ పర్మిట్లు వచ్చాక ఒక టైటిల్ ఆఫీసులో చేరాను. ఇళ్ల దస్తావేజులు చదవడమే పని, లొసుగులు పట్టడమే జీతం. రబ్బీగారూ ఆవిడా కూతురి దగ్గరికి మారిపోయారు. కొత్త రబ్బీగారు కుర్రవాడు. ఇప్పుడు ఇళ్లవాళ్లందరూ వెబ్‌సైట్‌లోనే తమ జాబితా నింపి పంపుతారట. పాతాయన మాత్రం ప్రతి వసంతంలోనూ ఫోన్ చేసి, కౌన్సెలర్ అని పిలిచి, ఒక కొత్త తగాదా నా ముందు పెడతారు. ఈసారిది, సొంతంగా నడిచే కారు గుద్దితే అది ఎద్దు పొడిచినట్టా కాదా అని. ఇంకా తేలలేదు.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో గడిచిన ఏళ్లన్నీ ఏమయ్యాయో చెప్పమంటే చెప్పలేను. ఆ ఎనిమిది రోజుల సంగతి మాత్రం గంట గంటకూ చెప్పగలను. మనకు మిగిలేది గడిపిన కాలం కాదు, మనదిగా చేసుకున్న కాలమే కాబోలు.