పత్తి తీసే చెయ్యి

ఎనిమిది నెలలుగా నేను ఒక్క బొమ్మా వేయలేకపోయాను. మంచి చిత్రాలు చూస్తే మళ్ళీ చెయ్యి కదులుతుందేమోనని ఈ రోజు పొద్దున్నే తిరువూరులో బస్సెక్కి విజయవాడ వెళ్ళాను. రెండు గ్యాలరీలు తిరిగినా లాభం లేకపోయింది. మూడోదానిలో పత్తి తీస్తున్న స్త్రీ చిత్రం ముందు ఆగి, పుస్తకం తీసి గీయడం మొదలుపెట్టాను. ఇంతలో సెక్యూరిటీ ఆవిడ వచ్చి నా వెనకే నిలబడింది. అందరి ముందూ బయటికి పొమ్మంటుందేమోనని నా పెన్సిల్ ఆగిపోయింది. ఆవిడ నా పుస్తకాన్నీ, గోడ మీది చిత్రాన్నీ మార్చి మార్చి చూసింది.

“చెయ్యి తప్పుగా ఉంది మేడం,” అంది చివరికి.

“నేను గీసిందా?”

“కాదండి, గోడ మీదదే. పూలు కోసినట్టు రెండు వేళ్ళతో తీస్తోంది. అట్టా తీస్తే సాయంత్రానికి సంచి నిండదు. మాది గంపలగూడెం. పదిహేనేళ్ళు పత్తి తీశాను.”

ఐదు వేళ్ళూ దగ్గరకు చేర్చి, గాలిలో లాగి చూపించింది. అలాగే ఉంచమన్నాను. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూనే ఉంచింది. నేను గబగబా నాలుగు పేజీలు గీశాను.

“ఆ బొమ్మ వేసినాయనకి చెప్పారా?” అని అడిగాను.

“నన్నెవరడిగారండి?” అంది.

ఇన్నేళ్ళుగా పొలాల బొమ్మలు వేస్తున్నాను, నేనూ ఎవరినీ అడగలేదు. నాలాగే బొమ్మలు వేసే మీలో ఎవరైనా అడిగారా?