గిన్నెలో పదకొండు పనస గింజలు

నా చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాలన్నీ ఒకచోట పోసి ఉంటే, నౌపడ ఉప్పుమడుల పక్కన అంతెత్తు కుప్ప ఇంకోటి లేచి ఉండేది. మా ఆవు వెనక కాళ్ళ మీద నిలబడి మునగాకు తింటోందని, అది కిందికి దిగేదాకా చూస్తూ ఉండిపోవడంతో బడికి ఆలస్యమైందని మా పంతులమ్మగారికి చెప్పినదాన్ని. ఆవిడ నవ్వేసి లోపలికి రానిచ్చింది. నవ్వించగలిగితే చాలు, అబద్ధానికి దెబ్బలుండవని తొమ్మిదేళ్ళ వయసులో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక పనసకాయ దగ్గర విరిగింది.

మా మామ్మా, ఎదురింటి మామ్మా చిన్నతనంలోనే నేస్తం కట్టుకున్నారు. మా వైపు అదొక పద్ధతి. ఇద్దరు ఆడపిల్లలు అమ్మవారి ముందు పువ్వులూ తమలపాకులూ మార్చుకుంటే ఆ రోజు నుంచి ఒకరినొకరు 'నేస్తం' అనే పిలుచుకోవాలి. పేరు నోట పలకకూడదు, పలికితే నేస్తం తెగినట్టే. మా ఇంటిల్లిపాదీ ఆ మర్యాద పాటించేవారు కాబట్టి నేనూ ఆవిడని నేస్తం మామ్మ అనేదాన్ని. ఆవిడ అసలు పేరేమిటో తెలుసుకోవాలని నాకు ఒకటే దురద. ఎవరినడిగినా చెప్పేవారు కాదు. రేషను కార్డు మీద ఉంటుందని తెలిసి, అది దాచే వాళ్ళ బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను కూడా.

రెండిళ్ళ మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగేది కాదు. ఒక మధ్యాహ్నం మామ్మ చేపల పులుసు ఇచ్చి నన్ను పంపింది. నేస్తం మామ్మ గిన్నె కడిగి, అప్పుడే కోసిన పనస తొనలు నిండుగా వేసి ఇచ్చింది. వీధి దాటడానికి ఇరవై అడుగులు. నేను మా గడ్డివాము వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చాను. ఇంటికి చేరేసరికి గిన్నెలో వాసన మాత్రం మిగిలింది.

మామ్మ గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూసింది. "ఏటే, నేస్తం ఏటీ ఇవ్వనేదా?"

కాకి ఎత్తుకుపోయిందంటే సరిపోయేది. కానీ నాకు అంత చిన్న కథలు ఆనవు. "ఇవ్వనేదు మామ్మా. నౌపడ ఉప్పంతా మీ కుండలోనే ఒంపీసినారేటి, దీనికి మళ్ళీ ఎదురు గిన్నె నింపాలా అన్నాది" అన్నాను. మామ్మ పకపకా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఎదురింటికేసి నిలబడి, ఆవిడ్ని పేరు పెట్టి పిలిచింది.

ఒక్కసారే. వీధిలో బియ్యం చెరుగుతున్నవాళ్ళు చాటలు గాల్లోనే ఆపేశారు. నేస్తం మామ్మ గుమ్మంలోకి వచ్చింది. మా మామ్మని ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. అంతకాలం నేను వెతికిన పేరు అలా నా చెవిన పడింది.

వారం రోజులు ఎదురెదురు తలుపులు మూసే ఉన్నాయి. మామ్మ పొద్దున్న తాగే చోడి అంబలి కూడా సగం గ్లాసులోనే వదిలేసేది. ఇంతలో కబురు తెలిసింది. నేస్తం మామ్మ సాలూరులో కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతోంది. సామానుకి అల్లుడు లారీ పంపుతున్నాడు. "నేస్తమే మొకం సూపించని వీధిలో నానేటి సేస్తాను" అందట.

లారీ వచ్చిన రోజు పొద్దున్నే మా తాతయ్య నన్ను గడ్డివాము వెనక్కి పిలిచాడు. అక్కడ కుక్క తవ్విన గుంటలోంచి ఏరిన పనస గింజలు ఆయన అరచేతిలో ఉన్నాయి. పదకొండు. నేను ఆలోచించకుండానే మొదలుపెట్టాను. ఎర్ర తోక కోతి ఒకటి వాము మీంచి దూకిందని, గిన్నె లాక్కుందని, తొనలన్నీ తిని నాకు దణ్ణం పెట్టి పోయిందని. తాతయ్య ఎంత శ్రద్ధగా విన్నాడంటే నోట్లో చుట్ట ఆరిపోయింది.

"గింజలు కూడా అదే కప్పెట్టినాదా?"

"అదే తాతయ్యా."

"బుద్ధిమంతురాలు" అన్నాడు. తర్వాత చుట్ట మళ్ళీ వెలిగించుకుని, "కోతి కత బాగున్నాదే. అది నీది, నీ ఇష్టం. నేస్తం నోట్లో పెట్టిన మాట నీది కాదు. పెట్టింది నువ్వే, తియ్యాల్సిందీ నువ్వే" అన్నాడు. గింజలు కడిగి, అదే గిన్నెలో వేసి నా చేతికిచ్చాడు. కొట్టలేదు. తోడూ రాలేదు.

వీధిలోకి వచ్చేసరికి లారీ ఇంజను గుర్రుమంటోంది. మంచం, బిందెలు, రోలు అన్నీ ఎక్కించేశారు. నేస్తం మామ్మ డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. వెనక్కి పరిగెత్తుదామనిపించింది. పరిగెత్తితే ఆ లారీ వెళ్ళిపోతుంది, మా మామ్మ గ్లాసులో అంబలి రోజూ సగం మిగిలిపోతుంది. ఒకరి గుమ్మంలో చెబితే రెండోవారికి వినపడదు. అందుకని వీధి నడిమధ్యకి వెళ్ళి, లారీకి ఎదురుగా, గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

"తప్పుకోయే గుంటా!" డ్రైవరు హారను మోగించాడు. నేను గిన్నె ఇంకా పైకెత్తాను.

"పనస తొనలు నానే తినీసినాను! నేస్తం మామ్మ ఏటీ అననేదు! ఉప్పు మాట నాదే!"

ఏ తోకా తగిలించకుండా నేను చెప్పిన మొదటి మూడు మాటలు అవే. నేస్తం మామ్మ దిగివచ్చి గిన్నెలోకి తొంగిచూసి నా కుడి చెవి మెలిపెట్టింది. ఆ చెవి ఇప్పటికీ రెండోదానికన్నా అరంగుళం పొడుగు.

మా తలుపు తెరుచుకుంది. మామ్మ వచ్చింది గానీ తల ఎత్తలేదు. అబద్ధం నాదే, కానీ అడక్కుండానే నమ్మి పేరు పలికింది తను. తల వంచుకునే అంది.

"నేస్తం... అంబలి తాగి ఎల్లు."

"తాగుతాను గానీ, ఉప్పు నానే ఏసుకుంటాను" అంది నేస్తం మామ్మ. "ఆ పులుసు ఉప్పు కషాయమేనే నేస్తం. ఆ ఒక్కనాడే కాదు, నీ సెయ్యి ఎప్పుడూ అంతే. నలబై ఏళ్ళు నాను గుట్టుగా తింటే, ఈ గుంట ఒక్కరోజులో ఊరంతా సాటీసినాది."

మామ్మ ముందు ఉడుక్కుంది, తర్వాత నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. సామాను దింపేసి, ఒక పనసకాయ పక్కన పెట్టుకుని డ్రైవరు సాలూరు వెళ్ళిపోయాడు.

నాకు పెద్ద సందేహం పట్టుకుంది. ఉప్పు నిజంగానే ఎక్కువైతే నేను చెప్పింది అబద్ధం ఎలా అవుతుంది? తాతయ్యని అడిగాను. "నిజమే అయినా, నేస్తం ఆ మాట అననేదు కదే" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు పెళ్ళయి, నా చేతి వంట తిని నోరు మెదపని మనిషి ఒకరు దొరకాల్సి వచ్చింది.

అబద్ధాలు మానలేదు. ఎచ్చెర్ల బస్సులో నా కథలు వినడానికి నా పక్క సీటు కోసం ఇప్పటికీ తోపులాటే. కానీ నా కథల్లో దొంగా నేనే, తెలివితక్కువదీ నేనే. ఒకరు అనని మాట వాళ్ళ నోట్లో పెట్టను. మా ఇంటికొచ్చిన గిన్నెని ఖాళీగా పంపను. పైన రాసిన మాటలు కూడా ఎవరివి వారివే, కోతి ఒక్కటే నాది.

మామ్మ ఆ పేరుని పోయేదాకా మళ్ళీ పలకలేదు. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఇంత వాగినదాన్ని, ఆ ఒక్కటీ ఇక్కడ రాయను.